చైనావారి ఆవిరి కుడుములు

కుడుమన్న మాట వినగనే తెలుగువారి మనస్సు వినాయకచవితి మీదికి పోవును. పండుగనాడు ఉండ్రాళ్లు, జిల్లేడుకాయలు వండి నివేదించి తినుటయేగాని, ఒక అంగడికి పోయి, బల్లముందు కూర్చుండి, కుడుములనే తెప్పించుకొని, నడుమనడుమ తేనీరు త్రాగుచు రెండు గంటలు గడుపుట మనకు అలవాటు లేదు. చైనాదేశపు దక్షిణమున గువాంగ్‌డాంగ్ రాష్ట్రమునందును, హాంకాంగునందును అది నిత్యవ్యవహారము. ఈ ఫలహారములకు వారు పెట్టుకొన్న పేరు డిమ్ సమ్. హృదయమును తాకునది అని ఆ మాటలకు అర్థము చెప్పుదురు. ఫలహారశాలకు పోవుటను మాత్రము యమ్ ఛా అందురు. అనగా తేనీరు త్రాగుట. తినుటకు పోవుచు త్రాగుటకని చెప్పుకొనుట, కాఫీ పేరుచెప్పి హోటలుకు పోయి ఇడ్డెనులు తినివచ్చు మనవారికి వింతగా తోపదు.

ఈ వంట అనకాపల్లి జిల్లాలోని పాయకరావుపేట గృహిణికి పేరుచేత పరాయిదేగాని పనిచేత పరాయిది కాదు. ఆ ప్రాంతములలో ఆవిరి కుడుము చిరపరిచితమైన ఉదయపు ఫలహారము. మినపపప్పు నానవేసి రుబ్బి, గిన్నెలో సగమువరకు నీళ్లు పోసి, మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, దానిపై పిండి పరచి, మూతపెట్టి ఉడికింతురు. తాండవనది దాటి తుని మీదుగా గోదావరి సీమకు పోయినచో దీనినే వాసెనపోలు అందురు. చైనావారు గుడ్డకు బదులు వెదురుబుట్ట వాడుదురు. బుట్టపై బుట్ట పేర్చి, అన్నిటికి దిగువన ఒకే పాత్రలో నీరు మరిగింతురు. వెదురుమూత తేమను పీల్చుకొనును గనుక, లోనున్నవాటిపై నీటిచుక్కలు రాలవు. లోహపుమూతకు ఆ గుణము లేదు. అందుచేతనే మన స్త్రీలలో కొందరు మూతక్రింద పొడిగుడ్డ చుట్టుదురు.

ఆవిరికి ఇంత శక్తి ఎక్కడినుండి వచ్చినది? ఒక గ్రాము నీటిని 0 డిగ్రీలనుండి 100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచుటకు 100 కాలరీల వేడి చాలును. అదే గ్రాము మరుగునీటిని ఆవిరిగా మార్చుటకు మరి 540 కాలరీలు కావలెను. ఆవిరి చల్లని పిండిని తాకి మరల నీరగునప్పుడు ఈ వేడినంతయు పిండికి అప్పగించును. పిండిముద్ద నీటిలో పొరలదు, చెదరదు, అయినను త్వరలో ఉడుకును. ఆవిరివంట రోగులకును బాలింతలకును తగిన పథ్యమని మనలో కొందరికి ఒక చిన్నచూపు కలదు. చైనాలో ఆవిరిపై పనిచేయు వంటవానిది ప్రత్యేకవిద్య.

ఆ విద్య పైపొరలో తెలియును. రొయ్యల పూర్ణముతో చేయు హర్ గావ్ అను కుడుము చూడుడు. దాని పొర అద్దమువలె ఉండి, లోని రొయ్య లేత ఎరుపుగా కనిపించును. గోధుమపిండిలో జిగురుపదార్థమును కడిగివేయగా మిగిలిన తెల్లని గంజిపొడియు, కర్రపెండలపు పిండియు కలిపి ఈ పొర చేయుదురు. కర్రపెండలమన మనము ఎరుగని వస్తువు కాదు. సామర్లకోట ప్రాంతపు మిల్లులలో సగ్గుబియ్యము చేయునది దానితోనే. ఈ పొడిని చన్నీటితో కలిపిన విరిగిపోవును. అందుచేత సలసల మరుగు నీరు పోసి కలుపుదురు. వేడినీటికి పిండిలో కొంతభాగము అప్పుడే ఉడికి బంకయై మిగిలినదానిని పట్టియుంచును. బియ్యపుపిండిలోను సాగెడు జిగురు లేదు. ఉండ్రాళ్లకు, జిల్లేడుకాయలకు ఎసరు మరిగించి పిండి పోసి ఉక్కిరి చేయు మన గృహిణి చేయుచున్నదియు ఇదే. ఒకరిని చూచి ఒకరు నేర్చుకొనవలసిన అగత్యము లేదు. జిగురులేని పిండి ఇద్దరికిని ఒకే పాఠము చెప్పినది.

కొబ్బరి, బెల్లము పూర్ణముగా పెట్టి అర్ధచంద్రాకారముగా మడిచిన జిల్లేడుకాయను ఉత్తర చైనావారి జియావుజి ప్రక్కన పెట్టినచో అక్కచెల్లెండ్రనవచ్చును. జియావుజికి పైపొర గోధుమపిండి. అది ప్రాచీనమైన వంట. తుర్ఫాన్ సమీపమున అస్తానా సమాధులలో తాంగ్ వంశకాలమునాటి జియావుజులు ఎండిపోయి, ఆకారము చెడక దొరికినవి. ఎడారిగాలి వాటిని వెయ్యేండ్లకు పైగా కాపాడినది. ఈ కాలమున విశాఖపట్టణపు వీధులలో మోమో అను పేరున అమ్మునవి టిబెట్టు, నేపాళములనుండి వచ్చిన జ్ఞాతులు. వాటిని తిని డిమ్ సమ్ తింటిమనుకొనరాదు.

ఇక భోజనశాలలో నడచుకొను తీరు. మొదట తేనీరు వచ్చును. పాలు, చక్కెర ఉండవు. తోటివారి గిన్నెలలో పోసిన తరువాతనే తన గిన్నెలో పోసికొనుట మర్యాద. పోసినవారికి కృతజ్ఞతగా రెండు వ్రేళ్లతో బల్లపై మెల్లగా తట్టుదురు. కూజాలో నీరు అయిపోయినచో కేక వేయనక్కరలేదు, మూత కొంచెము తీసి పెట్టిన చాలును. బుట్టకు మూడో నాలుగో కుడుములుండును. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసికొని వేరొక రకము తెప్పింతురు. పుల్లలతో తినుట చేతకానివారు చెంచా అడుగుటలో అవమానమేమియు లేదు. పొరను పుల్లతో గ్రుచ్చుట మాత్రము తగదు, రసము కారిపోవును.

షాంఘై ప్రాంతపు షావులుంగ్‌బావు విషయమున ఈ జాగ్రత్త మరియు ముఖ్యము. దానిలో వేడి చారు ఉండును. మూసిన కుడుములోనికి చారు ఎట్లు ప్రవేశించినది? పందిచర్మమును చాలసేపు ఉడికించి, ఆ రసమును చల్లార్చిన గడ్డకట్టును. ఆ గడ్డను తరిగి మాంసముతో కలిపి పొట్లము కట్టుదురు. ఆవిరి తగిలినపుడు కరగును. దీనిని చెంచాలో పెట్టుకొని, అంచున చిన్న రంధ్రము కొరికి, చారు పీల్చి తరువాత తినవలెను. తొందరపడినవారి నాలుక కాలును. శాకాహారులు ఇక్కడ మొగమాటపడరాదు. క్యాబేజీ, పుట్టగొడుగులు పెట్టినవియు దొరకును గాని, పైకి తెల్లని రొట్టెవలె కనిపించు బావులో పందికొవ్వు కలియుట కలదు. పూర్ణమేమి, పిండిలో కలిపిన కొవ్వేమి అని రెండు ప్రశ్నలును అడుగవలెను.

అన్నియు వేడిగా ఉన్నప్పుడే తినవలెను. చల్లారినకొలది పిండిలోని గంజి బిగిసికొని పొర గట్టిపడును. ఉదయము వండిన ఉండ్రాళ్లు సాయంకాలమునకు రాళ్లగుట మనకు తెలిసినదే.

ఇట్టి ఫలహారము రుచిచూచుటకు హాంకాంగు దాక పోవలెనా? పాయకరావుపేటవారికి రైలుస్టేషను ఏటి అవతలి తుని. అది మద్రాసు–హౌరా మార్గమున ఉన్నది. కలకత్తాలోని టెరిట్టీ బజారులో తెల్లవారుజామున, విశేషించి ఆదివారములందు, చైనా సంతతివారు వీధిప్రక్కన బుట్టలు దించి కుడుములు, బావులు అమ్ముట చిరకాలపు ఆచారము. వారి పూర్వులు కలకత్తాకు రాసాగినది 18వ శతాబ్ది చివరిభాగమున. పిమ్మట వచ్చిన హక్కావారు తాంగ్రాలో తోళ్ల పరిశ్రమ నెలకొల్పిరి. 1962 లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు చైనా సంతతివారిని సుమారు 3,000 మందిని రాజస్థానములోని దేవలీ శిబిరమున నిర్బంధించిరి. కొందరు అచట ఏండ్లతరబడి ఉండిరి. వారిలో పెక్కురు ఈ దేశముననే పుట్టినవారు. విడుదలయై వచ్చినవారిలో ననేకులు కెనడా మొదలగు దేశములకు తరలిపోయిరి. 1996 లో సుప్రీంకోర్టు ఉత్తర్వుపై తాంగ్రా తోళ్ల కార్ఖానాలు తరలవలసివచ్చినవి. ఒకనాడు వేలకొలది కుటుంబములున్న చోట నేడు మిగిలినవారు స్వల్పము.

పిల్లలు విదేశములకు పోయిన ఇంట తెల్లవారుజామున మూడుగంటలకు లేచి పిండి కలుపువారెవరు? టెరిట్టీ బజారున నేడు చైనావారి బుట్టల సరసన పూరీలు, ఇతర ఫలహారములు చేరినవి. కొనువారు తగ్గలేదు, వండువారు తగ్గుచున్నారు. పండుగనాడు కొన్న ఉండ్రాళ్లతో సరిపెట్టుకొను మన పట్టణపు ఇండ్లలోని స్థితియు దీనికి మిక్కిలి దూరము కాదు.

పోదలచినవారు సూర్యోదయమునకే చేరుట మంచిది. పొద్దెక్కునప్పటికి బుట్టలు ఖాళీయగును.