ఓపెన్‌బ్లాస్ వేసినా ఆర్ వేగం పెరగదెందుకు?

ఆర్ భాష మాత్రికల లెక్కలను బ్లాస్ అనే లైబ్రరీకి అప్పగిస్తుంది; ఓపెన్‌బ్లాస్ దానికి వేగవంతమైన రూపం. ఆర్‌ను సోర్సు నుంచి బిల్డ్ చేసుకునేవారిలో కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. వాటిలో ఎక్కువ నష్టం చేసేది మొదటిది.

అపోహ: ఓపెన్‌బ్లాస్ సిస్టంలో ఉంటే చాలు, ఆర్ దాన్నే వాడుకుంటుంది.

వాడుకోదు. కాన్ఫిగర్ స్క్రిప్టుకు ‘విత్ బ్లాస్’ ఆప్షన్ ఇవ్వకపోతే ఆర్ తనతో వచ్చిన రిఫరెన్స్ బ్లాస్‌నే బిల్డ్ చేసుకుంటుంది. అది సరైన జవాబే ఇస్తుంది, కానీ ఏ ప్రాసెసర్ కోసమూ ప్రత్యేకంగా మలిచిన కోడు కాదు. ఆప్షన్ ఇచ్చినా పని పూర్తయినట్టు కాదు. మనం చెప్పిన లైబ్రరీ లింక్ కాకపోతే కాన్ఫిగర్ చప్పుడు చేయకుండా సొంత బ్లాస్‌కే మళ్లగలదు. అందుకే చివర్లో వచ్చే సారాంశంలో ‘ఎక్స్‌టర్నల్ లైబ్రరీస్’ వరుస చూడాలి. తర్వాత ఆర్ తెరిచి సెషన్‌ఇన్ఫో అడగాలి. ఏ బ్లాస్ ఫైలు లోడైందో 3.4 వెర్షన్ నుంచి అది చెబుతోంది. డెబియన్, ఉబుంటుల్లో బిల్డ్ అయ్యాక కూడా బ్లాస్‌ను మార్చే వీలుంది కాబట్టి నేను సెషన్‌ఇన్ఫో మాటనే నమ్ముతాను.

అపోహ: రిఫరెన్స్ బ్లాస్‌నే ఓ3 అనే కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆప్షన్‌తో బిల్డ్ చేస్తే ఓపెన్‌బ్లాస్ అంత వేగం వస్తుంది.

మాత్రికల గుణకారంలో డేటా తక్కువ, లెక్కలు ఎక్కువ. క్యాష్‌లోకి తెచ్చిన ప్రతి ముక్కనూ పదేపదే వాడుకోగలిగితేనే ప్రాసెసర్ ఖాళీగా ఉండదు. మంచి లైబ్రరీ మాత్రికను క్యాష్‌కూ రిజిస్టర్లకూ సరిపడా ముక్కలు చేసి, ఒక్కో ప్రాసెసర్‌కు అసెంబ్లీలో చేత్తో రాసిన కోడుతో నడుపుతుంది. కజుషిగే గోతో రాసిన గోతోబ్లాస్ ఇలాంటిదే. దాని ఆధారంగానే 2011లో ఓపెన్‌బ్లాస్ మొదలైంది. గుణకారానికి మామూలుగా రాసే మూడు లూపులను కంపైలర్ తనంతట తాను ఈ రూపానికి తేవడం అరుదు.

అపోహ: లైబ్రరీ మారినా జవాబు చివరి అంకె దాకా మారకూడదు.

దశాంశ సంఖ్యలను కూడే క్రమం మారితే చివరి అంకెలు మారతాయి. అది తప్పు కాదు. పోల్చేటప్పుడు కొంత తేడాను అనుమతించాలి. జవాబు పూర్తిగా చెడినా, ప్రోగ్రాం కూలినా మాత్రం వదిలేయకండి. ఆర్ బ్లాస్‌కు 32 బిట్ల పూర్ణాంకాలు పంపుతుంది. 64 బిట్ల పూర్ణాంకాలతో బిల్డ్ చేసిన లైబ్రరీకి లింక్ చేస్తే జరిగేది ఇదే.

థ్రెడ్లు పెంచితే వేగం పెరుగుతుందనేదీ సగం నిజమే. 8 ప్రాసెస్‌లు నడుపుతూ, ఒక్కోదానిలో బ్లాస్‌కు 8 థ్రెడ్లు ఇస్తే 64 థ్రెడ్లు కోర్ల కోసం కొట్టుకుంటాయి. అప్పుడు బ్లాస్‌ను ఒక్క థ్రెడ్‌కు పరిమితం చేయడమే మేలు.

అపోహ: బ్లాస్ మారితే ఆర్ మొత్తం వేగవంతమవుతుంది.

సార్టింగ్‌కూ, అక్షరాల పనికీ దీనితో సంబంధం లేదు. లీనియర్ రిగ్రెషన్‌కు అందరూ వాడే ఎల్ఎం ఫంక్షన్ కూడా లిన్‌ప్యాక్ అనే పాత లైబ్రరీ పద్ధతి మీదే నడుస్తుంది కాబట్టి దానికి దక్కేది తక్కువ. మాత్రికలో ఒక్క ఎన్ఏ (లేని విలువకు ఆర్ పెట్టే గుర్తు) ఉన్నా, డిఫాల్ట్ సెట్టింగులో ఆర్ ఆ గుణకారానికి బ్లాస్‌ను పక్కనపెట్టి మామూలు మూడు లూపులతో లెక్క కడుతుంది. వేగం రాలేదని మళ్లీ బిల్డ్ చేసే ముందు డేటాలో ఎన్ఏలు ఉన్నాయేమో చూడండి.