రెండు కిలోల దూరం

పుంగనూరు ఆవు పక్కన నిలబడితే దాని వీపు మన నడుము దగ్గరే ఆగిపోతుంది. ఎత్తు మూడడుగుల లోపు, బరువు సుమారు 115 నుంచి 200 కిలోలు. అదే ఆవు పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ రెండింతలు చేశామనుకోండి. బరువు ఎనిమిదింతలవుతుంది. ఆ బరువును మోయాల్సిన కాలి ఎముకను అడ్డంగా కోసి చూస్తే కనిపించే వైశాల్యం మాత్రం నాలుగింతలే పెరుగుతుంది. కండ బలం కూడా దాని అడ్డుకోతను బట్టే ఉంటుంది. అందుకే పెద్ద జంతువు చిన్నదాని అచ్చులో పోసినట్టు ఉండదు, కాళ్లు ఇంకా లావెక్కాలి. కుప్పం క్వారీల్లో గ్రానైట్ దిమ్మెలు ఎత్తేవాళ్లకు ఇది చేతికి తెలిసిన లెక్క. అన్ని వైపులా మీటరున్న దిమ్మె దాదాపు 2.7 టన్నులు, రెండు మీటర్లున్నది 21 టన్నుల పైమాటే.

బాక్సింగ్‌లో బరువు తరగతులు పెట్టడానికి మూలం ఇక్కడే ఉంది. ఒకే పోలిక గల ఇద్దరు అమ్మాయిలు, ఒకరు 50 కిలోలు, ఇంకొకరు 52. బరువులో తేడా నాలుగు శాతం. ఎత్తులో ఒక శాతం కంటే కాస్త ఎక్కువ, అంటే 160 సెంటీమీటర్ల మనిషికి రెండు సెంటీమీటర్లు. కండ బలంలో తేడా మూడు శాతం లోపే. చూడ్డానికి ఇంత చిన్న అంకెలు. కానీ కంటికి కనబడినదానికి చెయ్యి కదలడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. మంచి జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దు, ఆ లోపే ముఖాన్ని తాకగలదు. కాబట్టి బాక్సర్ దెబ్బను చూసి తప్పుకోదు. ఎదుటివాళ్ల భుజం, పాదం కదలికను బట్టి ముందే ఊహిస్తుంది, ఎంత దూరంలో ఉంటే క్షేమమో ఏళ్ల సాధనతో ఒంటికి నేర్పుకుంటుంది. తరగతి మారి, తనకంటే చెయ్యి పొడవున్న నేర్పరి ఎదురైతే ఆ కొలతే తప్పుతుంది. నిన్నటిదాకా తగిలిన గుద్దు రెండు సెంటీమీటర్ల ముందే ఆగిపోతుంది. బలం తక్కువై ఓడిపోవడం కంటే ఇలా దూరం తప్పి ఓడిపోవడమే ఎక్కువని నా నమ్మకం.

మన తెలుగు నేలలో ఇలా తరగతులు మారే కష్టమంతా అనుభవించిన మనిషి నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ చాంపియన్ అయింది. అదే పోటీల్లో 50 కిలోల స్వర్ణం టర్కీకి చెందిన బుసె నాజ్ చకిరోగ్లుది. పారిస్ ఒలింపిక్స్ జాబితాలో 52 లేదు, మహిళలకు 50, ఆ తర్వాత 54. నిఖత్ కిందికే దిగింది. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్ రెండూ 50 కిలోల్లోనే గెలిచింది. ఆ ఢిల్లీ పోటీల్లోనే 52 కిలోల స్వర్ణం చైనా బాక్సర్ వూ యూ గెలుచుకుంది.

కిందికి దిగడం అంటే ఏమిటో మదనపల్లె మార్కెట్లో టమాటా చూస్తే అర్థమవుతుంది. కాయలో వందకు 94 పాళ్లు నీళ్లే. కోసిన కాయ ఎండలో పడి ఉంటే సాయంత్రానికి తూకం తగ్గుతుంది, రోజులు గడిస్తే తొక్క ముడత పడుతుంది. మన ఒంట్లోనూ సగానికి పైగా నీరే, కాటా మీద త్వరగా తగ్గేదీ అదే. తిండి మానేసి కసరత్తు చేస్తే కండల్లో ఇంధనంగా దాచుకున్న గ్లైకోజన్ ఖర్చవుతుంది. ఒక్కో గ్రాముతో పాటు అది పట్టి ఉంచిన మూడు గ్రాముల నీరూ పోతుంది. 50 కిలోల మనిషి ఒంట్లోంచి లీటరు నీరు పోతే చాలు, రక్తం పరిమాణం తగ్గి, అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. ప్రొఫెషనల్ బాక్సర్లు పోటీకి ముందురోజు తూగుతారు, తేరుకోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది. ఒలింపిక్ బాక్సింగ్‌లో తూకం పోటీ రోజు ఉదయమే. తాగిన నీళ్లు కొన్ని గంటల్లో ఒంట పడతాయి గానీ, గ్లైకోజన్ నిండడానికి దాదాపు ఒక రోజు కావాలి.

2024 ఆగస్టు 1న పారిస్‌లో నిఖత్‌కు ఎదురైంది ఆ వూ యూనే. ఇద్దరూ 52 నుంచి దిగినవాళ్లే. ఐదుగురు జడ్జీలూ వూ యూ వైపే మొగ్గారు. తూకం కోసం రెండు రోజులు తిండి, నీళ్లు మానేశానని నిఖత్ తర్వాత విలేకరులకు చెప్పింది. ఆ మాట విన్నప్పుడు నాకు గుండె తరుక్కుపోయింది. అలాగని వూ యూ గెలుపును ఆ దాహం ఖాతాలో రాయడం అన్యాయం. ఫైనల్లో చకిరోగ్లును కూడా ఓడించి స్వర్ణం పట్టుకెళ్లిన బాక్సర్ ఆమె. నిఖత్ ఓడిన వారం లోపే, అవే ఒలింపిక్స్‌లో, అదే కాటా దగ్గర, 50 కిలోల కుస్తీ ఫైనల్ ఉదయం వినేశ్ ఫోగట్ వంద గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైంది.

2025లో వరల్డ్ బాక్సింగ్ సంస్థ తరగతులు మార్చింది. 50 పోయి 51 వచ్చింది. నిఖత్ ఒక కిలో పైకి జరిగింది. ఒంట్లో ఆ కిలో నీరుగా మిగిలితే చాలు, అదే ఊపిరి. సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్‌ఫైనల్లో ఎదురైంది ఎవరో కాదు, చకిరోగ్లు. ఇస్తాంబుల్‌లో పక్కపక్క తరగతుల్లో గెలిచిన ఇద్దరు మూడేళ్లకు మధ్యలో కలిశారు. రెండు ఒలింపిక్ రజతాల అనుభవం టర్కీ అమ్మాయిది. నిఖత్ మళ్లీ 0-5తో ఓడింది. ఈసారి కాటాను తప్పుపట్టడానికీ లేదు, ఆమెను ఓడించింది అడుగుల లెక్క తెలిసిన ఎదుటి మనిషి.

రెండు నెలల తర్వాత గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్. అదే 51 కిలోలు. ఫైనల్లో చైనీస్ తైపీ బాక్సర్ గువో యీ షువాన్‌పై నిఖత్ 5-0తో గెలిచింది.