సేవాశిబిరము

శిబిరమను పదము పూర్వము యుద్ధమునకు సంబంధించినది. రాజులు దండయాత్రకు వెడలినపుడు సైన్యములు విడిసిన తావును శిబిరమనెడివారు. అచ్చట గుడారములును, కావలివాండ్రును, ఆజ్ఞాపించు సేనానియు, తలయొగ్గు భటులును ఉండిరి. ఇరువదవ శతాబ్దమున ఈ పదమునకు వేఱొక యర్థము కలిగినది. పలుగు, పార చేతబట్టి పరులకొఱకు పాటుపడుటకై యువజనులు కూడి నివసించు స్థలమును గూడ నేడు శిబిరమనుచున్నారు. యుద్ధపు మాట సేవకు పేరైన విధమును, అట్టి శిబిరములను నడపుటకు దూరదేశములకు పోవువారికి ఉండవలసిన గుణములను తెలిసికొనుట విద్యార్థులకు ప్రయోజనకరము.

సేవ చేయవలెనను కోరిక మంచిదే. కాని కోరిక మాత్రమున సేవ జరుగదు. ఇందుకు కోనసీమనే ఉదాహరణముగా తీసికొనవచ్చును. గౌతమి, వసిష్ఠ అను గోదావరీశాఖల నడుమ బంగాళాఖాతము వఱకు వ్యాపించిన త్రికోణాకారపు భూమి కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ఇందలి ముఖ్యమైన ఊళ్లు. కొబ్బరితోటలతో, వరిచేలతో కన్నులపండువుగా నుండు ఈ సీమకు రెండు భయములు గలవు. ఒకటి ఏటివరద, రెండవది సముద్రపు తుపాను. 1986 ఆగస్టులో గోదావరికి మహావరద వచ్చినది. భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. దిగువను ఏటిగట్లకు గండ్లు పడి, లంకలును పల్లపుటూళ్లును మునిగెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను వేయిమందికి పైగా జనులను బలిగొనెను. లక్షలకొలది కొబ్బరిచెట్లు నేలకూలెను.

ఇట్టి ఆపదలలో మొదట చేయి అందించువాడు పొరుగువాడు. పిదప దూరప్రాంతముల నుండి యువకులు వత్తురు. వచ్చినవాడు ఎంత బలశాలియైనను ఆ నేల సంగతి ఎఱుగడు. నీరు నిలిచిన పొలమును చూచి, ఏటివైపునకు కాలువ త్రవ్విన నీరు పోవునని అతడు తలచును. కోనసీమ రైతు అట్లు తలపడు. డెల్టా భూములలో ఏటియొడ్డు మెరకగను, ఏటికి దూరమైన నేల పల్లముగను ఉండును. ప్రతివరదయందును బరువైన ఇసుక ఒడ్డుననే పేరుకొని, సన్నని ఒండ్రు మాత్రము దూరమునకు కొట్టుకొనిపోవుటచే నేల అట్లేర్పడినది. అందుచేతనే పంటకాలువలు మెరకల మీదుగను, మురుగుకాలువలు పల్లముల గుండను సాగుచున్నవి. రైతు నడుగక ఏటివైపు త్రవ్విన యువకుని శ్రమ వ్యర్థమగుటయే గాక, ఏటినీరు చేలలోనికి వచ్చుటకు త్రోవ యేర్పడినను ఏర్పడవచ్చును. కావున సహాయమునకు వచ్చినవాడు సహాయమగునా, భారమగునా అనునది అతని కండబలమును బట్టి గాక, అడిగి తెలిసికొను బుద్ధిని బట్టి యుండును.

ఈ సత్యమును పనిచేసి తెలిసికొన్నవారిలో పియేర్ సెరెసోల్ అగ్రగణ్యుడు. ఇతడు 1879లో స్విట్జర్లాండు దేశమున జన్మించెను. ఇతని తండ్రి ఆ దేశమునకు అధ్యక్షుడుగా నుండినవాడు. సెరెసోల్ ఇంజనీరు విద్య నభ్యసించెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, దేశముల మధ్య శాంతిని గూర్చి ఉపన్యసించిన చాలదనియు, విరోధులుగా నుండినవారు కలిసి పనిచేసినగాని వైరము చల్లారదనియు అతడు నిశ్చయించెను. 1920లో ఫ్రాన్సు దేశమున వెర్డన్ యుద్ధభూమికి సమీపమున నున్న ఎన్ అను గ్రామమునకు కొద్దిమంది సహచరులతో వెళ్లెను. ఫిరంగి గుండ్లచే ఆ గ్రామము నేలమట్టమై యుండెను. వారు గుంటలు పూడ్చిరి, బాటలు బాగుచేసిరి, నిలువనీడలేని వారికి కొయ్యయిండ్లు కట్టిరి. ఆ బృందములో ఫ్రెంచివారికి నిన్నటి శత్రువులైన జర్మనులును ఉండిరి.

అయినను ఆ శిబిరము చిరకాలము నిలువలేదు. యుద్ధగాయములు అప్పటికింకను మానలేదు. జర్మనుల రాకపై అభ్యంతరము పుట్టి, అధికారుల తోడ్పాటు దొరకక, కొన్ని మాసములకే పని ముగిసినది. మేలు చేయవచ్చిన వారికిని ఆ చోటి ప్రజల సమ్మతి కావలయునని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. సెరెసోల్ నిరుత్సాహపడక, పిలిచినచోటికే పోవుట నేర్చెను. రైను నదికి వరద వచ్చి లిక్టెన్‌స్టైన్ అను చిన్న దేశమున పొలములు రాళ్లతోను, బురదతోను కప్పబడగా, 1928లో పలుదేశములకు చెందిన 700 మందికి పైగా స్వచ్ఛందసేవకులు అచ్చటికి చేరి ఆ పొలములను శుభ్రపఱచిరి. ఈ యుద్యమమే అంతర్జాతీయ పౌరసేవాసంస్థ యయ్యెను. మాటలు కాదు, పనులు కావలయుననునది దాని నినాదము. సేవకులు జీతము తీసికొనరాదు. సహాయము పొందువారికి భారము కారాదు. ఆ యూరి కూలివాని నోటికాడి కూడు తీయరాదు. ఇవి వారు పాటించిన నియమములు.

1934 జనవరి 15వ తేదీన బీహారులో ఘోరమైన భూకంపము సంభవించెను. సెరెసోల్ ఈ వార్త విని భారతదేశమునకు వచ్చి, బాబూ రాజేంద్రప్రసాదుగారి ఆధ్వర్యమున జరుగుచున్న సహాయకార్యక్రమములో తోడ్పడెను. భూకంపమునకు తోడు వరదల బాధయు నుండుటచే, పల్లపు గ్రామములను మెరకకు తరలించి క్రొత్తయిండ్లు కట్టవలసి వచ్చినది. సెరెసోలును, అతనితో వచ్చిన కొలదిమంది ఐరోపావారును బీహారు గ్రామీణులతో కలిసి ఎండలో మట్టి మోసిరి. అది మనదేశమున తెల్లవారు ఏలికలుగా నున్న కాలము. తెల్లవాడు ఆజ్ఞాపించుటయే చూచిన గ్రామీణులకు, తమతోబాటు తట్ట నెత్తిన బెట్టుకొన్న తెల్లవాడు ఎంత విడ్డూరముగ కనబడెనో ఊహింపవచ్చును.

తెలుగునేల మీదను సేవకుల శిక్షణమునకు సంబంధించిన గొప్ప ఘట్టమొకటి జరిగినది. 1923 డిసెంబరులో, కోనసీమకు గౌతమి ఆవలిదరిని కొంతదూరములో నున్న కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగెను. స్వచ్ఛందసేవకులకు క్రమశిక్షణ నొసగుటకై డాక్టరు ఎన్.ఎస్. హార్డీకరు హిందూస్థానీ సేవాదళమును ఆ సమయముననే కాకినాడలో నెలకొల్పెను. హార్డీకరు అమెరికాలో విద్యనభ్యసించుచు, అచ్చట లాలా లజపతిరాయిగారితో కలిసి దేశసేవ చేసినవాడు. పరదేశమున గడించిన అనుభవమును స్వదేశయువకుల శిక్షణకు వినియోగించెను.

ఆ మహాసభతోబాటు జరిగిన ఖద్దరు ప్రదర్శనమున రాజమండ్రికి చెందిన దుర్గాబాయి స్వచ్ఛందసేవకురాలుగ నుండెను. అప్పటి కామెకు పదునాలుగేండ్లు. అనగా ఎనిమిదవ తరగతి విద్యార్థుల యీడు. టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయరాదని ఆమెకు అప్పగింపబడిన పని. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేక రాగా ఆమె ఆయనను ఆపెను. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన పిమ్మటనే లోనికి విడిచెను. నెహ్రూ కోపింపక ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. నియమమును అందఱియెడల సమముగ నడపిన బాలికయు, ఆ నియమమునకు తలవంచిన నాయకుడును ఇరువురును ప్రశంసనీయులే. ఆమెయే తరువాత 1937లో ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభలో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమమండలికి ప్రథమాధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

నాయకత్వమును పాఠము చెప్పి నేర్పలేము. పని అప్పగించి నేర్పవలెను. 1907లో ఇంగ్లండునందలి బ్రౌన్సీ ద్వీపమున బేడెన్ పవెల్ ఇరువదిమంది బాలురతో నడపిన శిబిరమున ఈ పద్ధతియే అనుసరింపబడినది. ధనికుల బిడ్డలును, పనిపాటలవారి బిడ్డలును అందు కలిసియుండిరి. వారిని నాలుగు చిన్న దళములుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక బాలుని నాయకునిగా నియమించెను. స్కౌటు ఉద్యమమునకు ఇదియే నాంది. మనదేశమున 1969 సెప్టెంబరు 24వ తేదీన, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవాపథకము ఆరంభమయ్యెను. ‘నేను కాదు, మీరు’ అనునది దీని ఆదర్శవాక్యము. ఈ పథకమున విద్యార్థులు ఒక గ్రామమున ఏడుదినములు శిబిరముండి పనిచేయుదురు.

శిబిరమును నడపుట యనగా ఉపన్యాసము లిచ్చుట కాదు. త్రాగునీరు ఎచ్చటినుండి వచ్చును, మరుగుదొడ్లు బావికి ఎంతదూరమున నుండవలెను, వంటచెఱకు ఎవరు తెత్తురు, సాయంకాలము పారలు లెక్కకు సరిపోయినవా అను విషయములే మొదట చూడవలసినవి. ఆఱుగురు, ఎనమండుగురు చొప్పున దళములు చేసి, వంట, నీరు, పారిశుద్ధ్యము, పనిముట్లు అను విధులను దినదినము మార్చుచుండిరేని, నేడు నాయకుడైనవాడు రేపు అంట్లు తోమును. అంట్లు తోమినవానికి ఆజ్ఞ యిచ్చుటలోని బరువు తెలియును. రాత్రి అందఱును కూర్చుండి ఆనాటి పనిలోని లోపములను దాపరికము లేక చెప్పుకొనవలెను. మాటాడని పిల్లవానిచేత మాటాడించుటయే నాయకుని నేర్పు.

పరదేశములలో ఈ పని చేయగోరువారికి నేడు అనేకావకాశములు గలవు. ఐక్యరాజ్యసమితి 1970లో స్వచ్ఛందసేవకుల సంస్థను ఏర్పఱచెను. ఏటేట డిసెంబరు 5వ తేదీ అంతర్జాతీయ స్వచ్ఛందసేవాదినముగ జరుపబడుచున్నది. మహారాష్ట్రమున పుణె నగరములో 1966లో నెలకొల్పబడిన గర్ల్ గైడ్ల అంతర్జాతీయ కేంద్రమునకు పలుదేశముల యువతులు వచ్చి శిబిరములు నడపుటలో తోడ్పడుచుందురు. ఆ కేంద్రమునకు ‘సంగమ్’ అని పేరు. అంతర్వేదివద్ద వసిష్ఠ సాగరమున కలియుట చూచిన కోనసీమ బాలబాలికలకు ఆ పేరులోని భావము వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్లు పోవువారు మొదట ఆ దేశపు భాషలో నాలుగు మాటలైన నేర్వవలెను. పెట్టిన అన్నమును వంక పెట్టక తినవలెను. తమకు ఇష్టమైన పని గాక, అచ్చటివారికి అవసరమైన పని చేయవలెను. తమ దేశపు పద్ధతియే గొప్పదని పోల్చి పలుకరాదు. తీర్చలేని వాగ్దానములు చేయరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు. తాము వెడలిపోయిన పిమ్మట ఆ పనిని కొనసాగింపగల స్థానిక యువకులను సిద్ధపఱచవలెను. సేవకుడు లేనిదే నిలువని శిబిరము, ఊతకఱ్ఱ తీయగనే పడిపోవు పందిరివంటిది.

దూరదేశమునకు పోవుదాక ఈ గుణముల నలవఱచుకొన నాగవలసిన పనిలేదు. పాఠశాల తోటలోను, ఊరిచెఱువు గట్టుమీదను, వరదదినములలో పొరుగువాని వాకిటను వీనికి అభ్యాసము దొరకును. పొరుగువాని నడిగి, అతని అక్కఱ తెలిసికొని, అతనితో కలిసి తట్ట మోయ నేర్చినవాడు ఏ దేశమునకు పోయినను పరాయివాడు కాడు.