చెవి విన్నది, మెదడు అనుకున్నది

ఇంట్లో ఒకరు ఒకటి అడిగితే మరొకరు ఇంకొకటి తెచ్చివ్వడం, పరాయి దేశపు దుకాణంలో అడిగిన వస్తువు ఒకటైతే చేతికి వచ్చినది వేరొకటి కావడం నవ్వు పుట్టించే సంగతులే అయినా, వాటిని పరాకుకో తెలివితక్కువతనానికో అంటగట్టడం సరికాదు. మాటలోని ధ్వనులు విడివిడి అక్షరాలుగా కాక, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చుట్టూ ఉన్న చప్పుళ్లతో సహా చెవిని చేరుతాయి. వాటిని పదాలుగా విడదీసి, వినబడని భాగాన్ని సందర్భాన్ని బట్టి ఊహించి పూరించేది మెదడు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వారెన్ 1970లో ప్రకటించిన ప్రయోగం ఈ ఊహాశక్తిని స్పష్టంగా చూపింది. రికార్డు చేసిన ఒక ఆంగ్ల వాక్యంలో ఒక 'స' ధ్వనిని పూర్తిగా తొలగించి, ఆ చోట దగ్గును చేర్చి 20 మందికి వినిపించగా, 19 మంది ఏ ధ్వనీ లోపించలేదని చెప్పారు. కుక్కర్ కూతల నడుమ కూడా వంటింటి మాట హాల్లోకి అందడానికి 'ధ్వని పునరుద్ధరణ' అనే ఈ ప్రక్రియే తోడ్పడుతుంది. ఊహ తప్పినప్పుడు మాత్రం అనని మాట కూడా అన్నంత స్పష్టంగా వినిపిస్తుంది. పొరబడినవారు తాము సరిగ్గానే విన్నామని గట్టిగా వాదించడానికి కారణం ఇదే.

ఈ ఊహకు ప్రధానమైన ఆధారం మాతృభాష. 'పాత', 'పాట' అనే పదాలకు తేడా ఒక్క హల్లులోనే ఉంది: నాలుక కొన పైపళ్లను తాకితే 'త' అనే దంత్యం, వెనక్కి మడతపడి అంగిలిని తాకితే 'ట' అనే మూర్ధన్యం పలుకుతాయి. ఆంగ్లంలో ఈ భేదం లేదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసి 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఆంగ్లం మాట్లాడే ఇళ్లలోని 6–8 నెలల శిశువులు హిందీలోని ఇటువంటి త–ట భేదాన్ని గుర్తించగలిగారు. 10–12 నెలలకు ఆ సామర్థ్యం బాగా తగ్గిపోయింది. అందువల్ల తెలుగు అంతగా వినకుండా విదేశంలో పెరిగిన మనవడు 'తాతా' అని పిలవబోయి 'టాటా' అంటే, అది వీడ్కోలులా వినిపించినా, తప్పు పిల్లవాడిది కాదు. అదేవిధంగా, ఆంగ్లంలో కింది పెదవిని పళ్లకు ఆనించి పలికే 'వ'ను, పెదవులు గుండ్రంగా చుట్టి పలికే 'వ'ను తెలుగువారు ఒకటిగానే పలకడంవల్ల, పడమరను సూచించే 'వెస్ట్' బ్రిటన్‌లో బనియనుగా వినిపించే అవకాశం ఉంది.

చెవిటి పెద్దమ్మను చేంతాడు తెమ్మంటే 'చెవులపోగులు నాకెక్కడివే' అన్నదన్న సామెతలో చక్కని పరిశీలన ఉంది: పదం మొదలు మాత్రమే అందుకున్న ఆమె మిగిలినది తనకు తోచిన మాటతో పూరించుకుంది. వయసుతో పాటు ముందుగా దెబ్బతినేది ఎక్కువ పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎక్కువ కంపనాలు, గల ధ్వనులను వినే శక్తి. అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో బలంగా ఉంటాయి. స, ష, ఫ వంటివి ఎక్కువ పౌనఃపున్యంలో బలహీనంగా ఉంటాయి. కాబట్టి వృద్ధులకు గొంతు వినబడినా మాట తెలియదు.

గట్టిగా అరిచినంత మాత్రాన ఈ ఇబ్బంది తీరదు. అరుపులో పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలమే. పెదవుల కదలిక కనిపించేలా ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, అవసరమైతే అదే విషయాన్ని వేరే మాటల్లో చెప్పడం మేలు. పదేపదే నవ్వులపాలైన పెద్దలు క్రమంగా మాట్లాడటమే మానుకుంటారు కనుక, ఇంట్లో ఇటువంటి పొరపాట్లు ఎక్కువైనప్పుడు వేళాకోళం మాని వినికిడి పరీక్ష చేయించడం కుటుంబసభ్యుల బాధ్యత.