బడిపిల్లల ఐక్యరాజ్యసమితి

పిల్లలూ, మీరు బొమ్మల పెళ్లిళ్లు చేసే వుంటారు. ఐక్యరాజ్యసమితినే ఆటగా ఆడే విద్యార్థులున్నారని మీకు తెలుసా?

ఐక్యరాజ్యసమితి 1945 అక్టోబరు 24న ఏర్పడింది. అప్పుడు అందులో 51 దేశాలు, ఇప్పుడు 193. ఈ దేశాల ప్రతినిధులు న్యూయార్కులో కూర్చుని, తగాదాలను మాటలతో తీర్చటానికి ప్రయత్నిస్తారు. విద్యార్థులు కూడా అలాగే నమూనా సభలు జరుపుతారు. వీటిలో పేరుపొందిన సభ ఒకటి నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో 1968లో ఆరంభమయింది. మన దేశంలోనూ చాలా పాఠశాలలు ఇలాంటి సభలు జరుపుతున్నవి.

ఇందులో తమాషా ఏమిటంటే, మీరు ఏ దేశం తరఫున మాట్లాడాలో మీ ఇష్టం కాదు. ఏ దేశం ఇస్తే ఆ దేశం తరఫున వాదించాలి.

మీకు తువాలు వచ్చిందనుకోండి. నవ్వకండి! అది ఒళ్లు తుడుచుకునే తువాలు కాదు. పసిఫిక్ మహాసముద్రంలో తొమ్మిది దీవుల దేశం. జనాభా సుమారు 10,000. నేల సముద్రమట్టానికి సగటున 2 మీటర్ల ఎత్తు మాత్రమే వుంటుంది. బొగ్గూ, చమురూ మండించటంవల్ల భూమి వేడెక్కి, సముద్రమట్టం పెరుగుతున్నది. అందుచేత చమురు వాడకం తగ్గించాలని మీరంటారు.

మీ స్నేహితుడికి సౌదీ అరేబియా వచ్చింది. "చమురు అమ్మకపోతే మా ప్రజలకు జరుగుబాటు ఎలాగ?" అంటాడతను.

కోపం వచ్చినా అరవరాదు. అధ్యక్షుడు పిలిచినప్పుడే లేవాలి. "నేను" అనరాదు, "మా దేశం" అనాలి. తరవాత మిగతా దేశాలను కూడగట్టుకుని తీర్మానం రాయాలి. అది ఎన్ని పేజీలున్నా ఒకే ఒక వాక్యంగా రాయటం ఆనవాయితీ! చివరకు వోట్లు తీసుకుంటారు. సర్వసభ్యసభలో 140 కోట్ల పైచిలుకు జనం గల మన దేశానికీ ఒకటే వోటు, తువాలుకూ ఒకటే వోటు.

ఆటలో చేసిన తీర్మానంవల్ల తువాలు దగ్గిర సముద్రం వెనక్కు పోదు. మరి లాభమేమిటి?

మీరే ఆడి చూడండి. దేశాల పేర్లు చీటీలమీద రాసి, తలా ఒకటి తీసుకోండి. అరగంటసేపు వాదించి, చీటీలు మార్చుకోండి. ఇందాక మీరు కాదన్న మాటనే ఇప్పుడు మీరు అవునని నిరూపించాలి. ఎదుటివాడి కష్టం ఏమిటో అప్పుడు తెలుస్తుంది. అది తెలియనిదే ఏ తగాదా తీరదు—దేశాల మధ్య అయినా సరే, మీ అన్నదమ్ముల మధ్య అయినా సరే!