దుబాయ్ వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలా?



సెలవులకు దుబాయ్‌లోని బంధువుల ఇంటికి వెళ్లాలని టికెట్లు బుక్ చేశారనుకోండి. హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరే ఫ్లైట్ దుబాయ్‌లో మధ్యాహ్నం 12.30కి దిగుతుందని టికెట్ మీద ఉంది. తిరుగు ప్రయాణంలో అక్కడ ఉదయం 10కి ఎక్కితే ఇక్కడ మధ్యాహ్నం 3కి దిగుతారు. మీ పాప గానీ బాబు గానీ వేళ్ల మీద లెక్కపెట్టి పై ప్రశ్న అడిగితే దాటవేయకండి. చాలా మంచి ప్రశ్న అది.

టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ 12.30 అంటే మనకు 2 గంటలు. కాబట్టి వెళ్లడానికి పట్టింది 4 గంటలు. అక్కడ ఉదయం 10కి ఎక్కేసరికి మనకు 11.30 అవుతుంది, అంటే రావడానికి మూడున్నర గంటలే.

ఇంకా అరగంట తేడా మిగిలింది కదా! భూమి తిరగడం వల్లనే అని పెద్దవాళ్లు కూడా చెప్పేస్తుంటారు. అది నిజం కాదు. భూమితో పాటే గాలీ, ఆ గాలిలోని విమానమూ తిరుగుతుంటాయి. అసలు కారణం పైన వీచే గాలులు. విమానాలు ఎగిరే 10, 11 కిలోమీటర్ల ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, ఉత్తర భారతం, అరేబియా మీదుగా పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. వానాకాలంలో అది హిమాలయాల అవతలికి జరిగిపోతుంది, అప్పుడు తేడా తగ్గుతుంది.

మీ పిల్లలు హైస్కూల్లో ఉంటే ఇది పడవ, ప్రవాహం లెక్కే. దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 850, గాలి వేగం 70 అనుకుందాం. వెళ్లేటప్పుడు 780 వేగంతో 3 గంటల 16 నిమిషాలు, వచ్చేటప్పుడు 920 వేగంతో 2 గంటల 46 నిమిషాలు. రన్‌వే దాకా వెళ్లడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కలిపి మరో ముప్పావు గంట వేసుకోండి. టికెట్‌తో సరిపోయిందా?

చిన్న పిల్లలైతే గ్లోబ్, దారం ఇవ్వండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబ్ మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దారం 6 సెంటీమీటర్లు వస్తుంది. అదే దారాన్ని చికాగో దాకా బిగించి లాగమనండి. గోడ మీది మ్యాప్‌లో పడమరగా కనిపించే ఊరికి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది! పిల్లలు ఓ పట్టాన నమ్మరు.

ఇక మీకు పనికొచ్చే సంగతి. సెలవుల చివరి ఆదివారం రాత్రి 10కి దుబాయ్‌లో ఫ్లైట్ ఎక్కితే, ‘మూడున్నర గంటలేగా, ఒంటిగంటన్నరకల్లా దిగిపోతాం’ అనిపిస్తుంది. దిగేది సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు. ఇమిగ్రేషన్, లగేజీ, ఇంటికి కారు ప్రయాణం అయ్యేసరికి స్కూల్ బస్సు వేళవుతుంది. బుక్ చేసే ముందు సోమవారం యూనిట్ టెస్ట్ ఉందేమో డైరీ చూడండి. ఎయిర్‌పోర్టుకు వచ్చే డ్రైవర్‌కు కూడా సోమవారం తేదీయే చెప్పండి.