ఇంజిన్ కాదు, ముందు కాళ్లు చూడాలి

బుల్డోజర్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది టీవీ న్యూస్‌లో గోడలు కూలగొట్టే పసుపు బండి. నిజానికి అందులో ఎక్కువగా కనిపించేది బుల్డోజర్ కాదు. ముందు బకెట్, వెనక పొడవాటి చెయ్యి, కింద నాలుగు టైర్లు ఉంటే అది బ్యాక్‌హో లోడర్. మన ఊళ్ల భాషలో జేసీబీ. అసలు బుల్డోజర్ ఇనప చైన్ల మీద పాకుతుంది. ముందు ఒక పెద్ద ఇనప పలక ఉంటుంది, దాన్ని బ్లేడ్ అంటారు. బుల్డోజర్ తవ్వి పైకెత్తదు, మట్టిని నెట్టుకుంటూ పోతుంది. అంతే దాని పని.

ఇలాంటి బండిని, అదీ డెబ్బై ఎనభై ఏళ్ల పాతదాన్ని, సొంత డబ్బుతో కొని, ఆదివారాలన్నీ ఖర్చుపెట్టి బాగుచేసుకునేవాళ్లు ఉన్నారంటే నమ్ముతారా? అమెరికాలో ఇదొక హాబీ. యాంటీక్ క్యాటర్‌పిల్లర్ మెషినరీ ఓనర్స్ క్లబ్ అని వాళ్లకి ఒక సంఘం కూడా ఉంది.

సెకండ్ ఇయర్ సీఎస్ఈ వాడికి దీంతో ఏం పని అనుకోవచ్చు. నేను ఇలాంటి రిపేర్ వీడియోలు తెగ చూస్తాను. మా పెద్దబాపు, అంటే నాన్న వాళ్ల అన్నయ్య, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో డోజర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను వీడియో పెడితే వచ్చి పక్కన కూర్చుంటాడు. ఇంగ్లీష్ కామెంటరీతో ఆయనకి పనిలేదు, చప్పుడు వింటే చాలు. ఈ వ్యాసంలో సగం ఆయన చెప్పిందే.

ఏ బండి కొంటారు?

ముందు కొంచెం చరిత్ర. 1904 నవంబర్ 24న కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ దగ్గర బెంజమిన్ హోల్ట్ అనే ఆయన ఒక ఆవిరి ట్రాక్టర్‌కి చక్రాలు తీసేసి, చెక్క పలకలతో చేసిన పట్టాలు తగిలించి నడిపి చూశాడు. అక్కడి డెల్టా నేల మెత్తన. బరువైన బండ్ల చక్రాలు దిగబడిపోయేవి. బరువు అంతా నాలుగు చోట్ల పడకుండా, పొడవాటి పట్టా మీద పరుచుకుంటే బండి దిగబడదు. ఐడియా అంతే. 1925లో హోల్ట్ కంపెనీ, బెస్ట్ కంపెనీ కలిసి క్యాటర్‌పిల్లర్ అయ్యాయి.

హాబీగా చేసేవాళ్లు ఇష్టపడే మోడళ్లలో డి2 ఒకటి. 1938 నుంచి 1957 దాకా తయారైంది. అప్పటి క్యాటర్‌పిల్లర్ డీజిల్ బండ్లలో ఇదే చిన్నది, బ్లేడ్ లేకుండా సుమారు మూడు టన్నులు. మూడు టన్నులు చిన్నదా అంటే, పెద్దబాపు నడిపినవి ముప్పై టన్నులు దాటినవి. వాటి పక్కన ఇది దూడ. ఇంటి వెనక షెడ్‌లో పడుతుంది, మామూలు ట్రెయిలర్ మీద ఎక్కుతుంది.

కొనేముందు చూడాల్సింది సీరియల్ నంబర్. 1947 తర్వాతి డి2ల్లో నంబర్ 5యూ అని మొదలైతే రెండు చైన్ల మధ్య దూరం 50 అంగుళాలు, 4యూ అని మొదలైతే 40 అంగుళాలు. విడిభాగాల పుస్తకం మొత్తం ఈ నంబర్ల ప్రకారమే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇది వర్షన్ నంబర్. అది తెలీకుండా పార్ట్ ఆర్డర్ చేయడం, వర్షన్ చూడకుండా లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయడం లాంటిదే.

కాళ్ల సంగతి

పాత బండి చూడ్డానికి వెళ్లిన ప్రతివాడూ మొదట అడిగేది ఇంజిన్ స్టార్ట్ అవుతుందా అని. పెద్దబాపు మాట వేరే. "ఇంజిన్ చప్పుడు ఇని మురిసిపోవద్దు బిడ్డా. ముందుగాల కిందికి వంగి సూడు."

కింద ఏముంటుంది? చైన్ లింకులు, వాటిని కలిపే పిన్నులు, పిన్నుల చుట్టూ బుష్‌లు, చైన్‌ని లాగే పళ్ల చక్రం అంటే స్ప్రాకెట్, ముందువైపు ఐడ్లర్ చక్రం, బండి బరువు మోసే రోలర్లు. అన్నీ ఇనుము మీద ఇనుము రాసుకునేవే, అదీ మట్టిలో, ఇసుకలో. డోజర్ మెయింటెనెన్స్ ఖర్చులో సగం దాకా ఈ కాళ్లకే పోతుందని ఆ రంగంలో అందరూ చెప్పే మాట. పాత బండి విషయంలో అయితే చాలాసార్లు బండి కొన్న ధర కంటే కొత్త చైన్ల ధరే ఎక్కువ.

అరుగుదల కనిపెట్టడానికి మిషన్లేమీ అక్కర్లేదు. సైకిల్ చైన్ పాతబడితే సాగిందంటాం కదా. ఇనుము నిజంగా సాగదు, పిన్నుల దగ్గర అరిగి ఒక్కో లింకు దగ్గర కొంచెం కొంచెం సందు పెరుగుతుంది. ఇక్కడా అదే. చైన్ పొడవు పెరిగిన కొద్దీ బిగువు కోసం ఐడ్లర్‌ని ముందుకి జరుపుతారు. అది ఇక జరగడానికి జాగా లేనంత ముందుకి వచ్చేసి ఉంటే చైన్ పని అయిపోయినట్టే. స్ప్రాకెట్ పళ్లు చూడండి. మొద్దుగా ఉంటే మంచిది, సన్నగా మొన తేలి ఉంటే అరిగిపోయినట్టు.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. పిన్ను, బుష్ ఒకవైపే అరుగుతాయి. అందుకే వాటిని పెద్ద ప్రెస్‌తో బయటికి నెట్టి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తారు. అరగని వైపు పనిలోకి వస్తుంది. అదే చైన్‌కి రెండో జీవితం అన్నమాట. అరుగుతుందని ముందే ఒప్పుకుని చేసిన డిజైన్ ఇది.

ఒక జాగ్రత్త. ఐడ్లర్ వెనక ఒక పెద్ద స్ప్రింగ్ విపరీతమైన ఒత్తిడిలో బిగించి ఉంటుంది. సరైన పనిముట్లు లేకుండా విప్పితే ప్రాణాలు పోతాయి. పైకెత్తిన బ్లేడ్ కిందికి దూరడం కూడా అంతే ప్రమాదం. ముందు బ్లేడ్‌ని నేల మీదికి దించాలి, తర్వాతే స్పానర్ పట్టుకోవాలి.

ఇంజిన్‌ని లేపడానికి ఇంకో ఇంజిన్

ఏళ్లుగా ఆరుబయట ఉన్న బండికి వచ్చే పెద్ద జబ్బు ఇంజిన్ పట్టేయడం. నిలువుగా ఉన్న పొగగొట్టంలోంచి వాన నీళ్లు దిగి సిలిండర్లలో తుప్పు పడుతుంది, పిస్టన్ కదలదు. అందుకే తెలిసిన రైతులు బండి ఆపగానే గొట్టం మీద ఖాళీ డబ్బా బోర్లిస్తారు. ఆ డబ్బా ఉందా లేదా అన్నది చూస్తే పాత ఓనర్ ఎలాంటివాడో తెలిసిపోతుంది.

పట్టేసిన పిస్టన్‌కి మందు ఓపిక. సిలిండర్లలో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, అసిటోన్ కలిపి పోసి వారాల తరబడి నానబెడతారు. తర్వాత ఫ్లైవీల్‌ని అటు కొంచెం, ఇటు కొంచెం కదుపుతూ వదులు చేస్తారు. బలం చూపిస్తే పిస్టనో రాడ్డో విరుగుతుంది. తుప్పు మరీ ఎక్కువైతే సిలిండర్ లోపలి లైనర్‌ని బయటికి లాగి కొత్తది వేయొచ్చు. దానికోసం మొత్తం ఇంజిన్ పారేయక్కర్లేదు.

ఇక స్టార్టింగ్. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వచ్చే వేడికే డీజిల్ అంటుకోవాలి. చలి దేశంలో, అంత కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌ని చేత్తో తిప్పడం మనిషి వల్ల కాదు. డి2లో దీనికి జవాబు, పక్కనే ఇంకో బుజ్జి ఇంజిన్. రెండు సిలిండర్లు, పెట్రోల్‌తో నడుస్తుంది. దాన్ని పోనీ మోటార్ అంటారు, అంటే పొట్టి గుర్రం.

మొదట పోనీని చేత్తో తిప్పి స్టార్ట్ చేస్తారు. అది మ్యాగ్నెటోతో నడిచేది కాబట్టి బ్యాటరీ అవసరం లేదు. రెండు ఇంజిన్లలోనూ తిరిగేది ఒకే నీళ్లు, అందుకని పోనీ వేడెక్కితే పెద్ద ఇంజిన్ కూడా వేడెక్కుతుంది. పోనీ పొగగొట్టం పెద్ద ఇంజిన్ గాలి పీల్చే దారి గుండా వెళ్తుంది, ఆ గాలి కూడా వెచ్చబడుతుంది. తర్వాత లివర్‌తో పెద్ద ఇంజిన్ కంప్రెషన్ వదిలేసి, పోనీని దానికి కలిపి తిప్పుతారు. ఆయిల్ ప్రెషర్ వచ్చాక కంప్రెషన్ ఇచ్చి, డీజిల్ వదిలితే పెద్దది అందుకుంటుంది. పోనీ పక్కకి తప్పుకుంటుంది.

ఇది చదివినప్పుడు నేను సీటులోంచి లేచాను. ఇది అచ్చంగా బూట్‌లోడర్! కంప్యూటర్ ఆన్ చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ నేరుగా లేవదు. ముందు ఒక చిన్న ప్రోగ్రామ్ లేచి, పరిస్థితి సిద్ధం చేసి, పెద్దదాన్ని లేపి తను తప్పుకుంటుంది.

చాలాకాలం తర్వాత మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇంకో మనిషి చెక్క పలక పట్టుకుని నిలబడాలి. డీజిల్ పంపులో రాడ్డు జిగురుతో పట్టేసి ఉంటే ఇంజిన్ వేగం అదుపు తప్పి పెరుగుతూనే పోతుంది, డీజిల్ ఆపే లివర్‌కి లొంగదు. గాలి పీల్చే నోటికి పలక అడ్డం పెట్టి ఊపిరి ఆపడమే మార్గం. ప్రోగ్రామ్ మాట వినకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకున్నట్టు.

స్టీరింగ్ లేని బండి

డి2కి స్టీరింగ్ చక్రం ఉండదు. రెండు లివర్లు, రెండు బ్రేకులు. కుడి లివర్ లాగితే కుడి చైన్‌కి ఇంజిన్ బలం అందదు, ఎడమ చైన్ తోస్తూనే ఉంటుంది కాబట్టి బండి కుడికి తిరుగుతుంది. ఇంకా గట్టిగా తిరగాలంటే కుడి బ్రేక్ నొక్కాలి. ఈ లివర్ల వెనక ఉన్నవి పొడి క్లచ్ ప్లేట్లు. చాలాకాలం కదలకుండా ఉండి, లోపలికి తేమ చేరితే తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు లివర్ ఎంత లాగినా బండి నేరుగానే పోతుంది. అందుకే తెలిసినవాళ్లు బండిని నిలబెట్టేటప్పుడు లివర్లు వెనక్కి లాగి కట్టేస్తారు, ప్లేట్లు విడివిడిగా ఉంటాయి.

రంగు అన్నిటికంటే చివర. క్యాటర్‌పిల్లర్ బండ్లు 1931 డిసెంబర్ దాకా బూడిద రంగులో వచ్చేవి, ఆ తర్వాతే పసుపు వచ్చింది. కాబట్టి డి2కి పసుపు సరైనదే. కానీ కొందరు అసలు రంగే వేయరు. గీతలు, సొట్టలు దాని చరిత్ర అంటారు. ఈ రెండు పార్టీల మధ్య వాదన తెగేది కాదు. పెద్దబాపుది మూడో పార్టీ. "రంగు ఎవనికి గావాలె? గ్రీజు పెట్టిన్రా లేదా?"

మరి మన దగ్గర?

మన దేశంలో డోజర్లు లేక కాదు. 1964లో మొదలైన బీఈఎంఎల్ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో డోజర్లు తయారుచేస్తుంది. కానీ ఇక్కడ పాత డోజర్ అంటే టన్నుల లెక్కన తూకం వేసే ఇనుము. ప్రభుత్వ సంస్థల పాత యంత్రాలు చాలావరకు ఎంఎస్‌టీసీ ఈ-వేలంలో, ఉన్నది ఉన్నట్టు పద్ధతిలో అమ్ముడవుతాయి. నడిపేవాడి కంటే కోసేవాడికే అవి గిట్టుబాటు.

అందుకని మీరందరూ వెళ్లి డోజర్ కొనండి అని చెప్పను. ఊళ్లో తాతయ్య వాళ్ల పొలం షెడ్‌లో, కరెంటు మోటార్ రాకముందు బావి నీళ్లు తోడిన ఆయిల్ ఇంజిన్ ఉందేమో చూడండి. దానికీ హ్యాండిల్ ఉంటుంది, కంప్రెషన్ వదిలే చిన్న లివర్ ఉంటుంది. డి2 సూత్రమే, ఇద్దరు మనుషులు సరిపోయే సైజులో. దాన్ని నడిపిన మనిషి ఇంట్లో ఉంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ చప్పుడుకి ఏ జబ్బో ఆయన చెవికి తెలుసు, అది ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

నన్ను ఆలోచనలో పడేసింది పెద్దబాపు చెప్పిన ఇంకో మాట. సర్వీసు చివరి ఏళ్లలో వచ్చిన కొత్త బండ్లలో స్క్రీన్ ఉండేదట. "కోడ్ వస్తది, బండి ఆగుతది. ల్యాప్‌టాప్ వట్టుకొని మనిషి వచ్చేదాంక మేం సూస్కుంట కూసుండుడే." ఇనుములో ఏ లోపమూ లేకున్నా, సాఫ్ట్‌వేర్ తలుపు తీయదు. దీని గురించే ఇప్పుడు చట్టాలు వస్తున్నాయి. రైతులు తమ యంత్రాలు తామే బాగుచేసుకునే హక్కు ఇస్తూ కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది, 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జూలైలో ఈ హక్కు మీద కమిటీ వేసింది. అందులో వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు కూడా ఉన్నాయి.

కానీ ఆ సాఫ్ట్‌వేర్ రాసేది ఎవరు? ఇంకో మూడేళ్లలో మనమే. మనం రాసిన కోడ్ ఉన్న డోజర్‌ని 2090లో ఎవడో కుర్రాడు షెడ్‌లోకి తోసుకొస్తాడనుకోండి. చైన్ తిప్పి వేసుకోగలడు, లైనర్ మార్చుకోగలడు. మన ప్రోగ్రామ్ దగ్గరికి వచ్చేసరికి పాస్‌వర్డ్ అడిగితే, ఆ కంపెనీయే అప్పటికి లేకపోతే, ఆ బండి తూకానికి వెళ్తుంది.

డి2 గీసినవాళ్లకి తమ బండిని ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరో విప్పుతారని తెలీదు. అయినా బోల్టు చుట్టూ స్పానర్ పట్టేంత జాగా వదిలారు, ఏ బోల్టు ఎక్కడిదో పుస్తకంలో రాసిపెట్టారు. వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి రీడ్‌మీ రాసేటప్పుడు నాకు ఆ జాగానే గుర్తుంటుంది.